పసిబిడ్డ మొదటి నెల: ఇంట్లో ఏం చేయాలి, ఏం మానాలి, ఎప్పుడు బయలుదేరాలి

బిడ్డ పుట్టిన రోజు నుంచి 28వ రోజు వరకు గడిచే కాలాన్ని వైద్యులు నవజాత శిశు దశ అంటారు. ప్రపంచవ్యాప్తంగా ఐదేళ్లలోపు పిల్లల మరణాల్లో దాదాపు సగం ఈ నాలుగు వారాల్లోనే జరుగుతున్నాయి. వాటికి ముఖ్య కారణాలు మూడు: నెలలు నిండకుండా పుట్టడం, పుట్టిన వెంటనే ఊపిరి అందకపోవడం, ఒంట్లోకి పాకే ఇన్‌ఫెక్షన్లు. మొదటి రెండింటి భారం ఆసుపత్రిది. మూడవదాన్ని దరి చేరనీయకపోవడం, చేరితే తొలి గంటల్లోనే పసిగట్టడం చాలావరకు ఇంటివారి చేతుల్లో ఉంటుంది. వరంగల్, హనుమకొండ, జనగామ, మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో ఇప్పుడు ప్రసవాలు ఎక్కువగా ఆసుపత్రుల్లోనే అవుతున్నప్పటికీ, తల్లీబిడ్డలు కొద్ది రోజులకే ఇంటికి వచ్చేస్తారు. ఆ తర్వాత బిడ్డను కాపాడేది తల్లి, అమ్మమ్మ, నాయనమ్మ, ఊళ్లోని ఆశ కార్యకర్త.

వారిని దృష్టిలో పెట్టుకొని రాసిన ఈ వ్యాసంలో ముందుగా ఒక మాట చెప్పాలి. పసిబిడ్డకు చేయవలసిన పనులు కొన్నే ఉంటాయి, వాటిని ప్రతిరోజూ తప్పకుండా చేయాలి. హాని ఎక్కువగా జరిగేది ప్రేమకొద్దీ మనం అదనంగా చేసే పనుల వల్ల, ఆసుపత్రికి ఒక పూట ఆలస్యంగా బయలుదేరడం వల్ల.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే ముందు

డిశ్చార్జి కాగితం చేతికి రాగానే ఆటో మాట్లాడుకునే తొందరలో పడకుండా, నర్సును నిలబెట్టి కొన్ని విషయాలు అడగండి. బిడ్డ పుట్టినప్పటి బరువు గ్రాములతో సహా తల్లీబిడ్డల రక్షణ కార్డులో రాశారా? రక్తస్రావం కాకుండా కాపాడే విటమిన్ కె సూది వేశారా? బీసీజీ, మొదటి పోలియో చుక్కలు, పుట్టిన 24 గంటల్లోపు పడవలసిన హెపటైటిస్ బి టీకా వేసి తేదీ రాశారా? బిడ్డ 24 గంటల్లోపు నల్లటి తొలి విరేచనం, 48 గంటల్లోపు మూత్రం చేయాలి. చేయకపోతే ఆ సంగతి చెప్పకుండా ఇంటికి రాకండి.

తల్లి రక్తం గ్రూపు నెగెటివ్ అయితే బిడ్డ గ్రూపు ఏమిటో తప్పనిసరిగా తెలుసుకోవాలి. బిడ్డది పాజిటివ్ అయినప్పుడు తల్లికి ప్రసవమైన 72 గంటల్లోపు యాంటీ-డి సూది పడాలి. అది వచ్చే కాన్పులోని బిడ్డను కాపాడడానికి వేసేది కనుక, ఈ బిడ్డ బాగానే ఉన్నాడన్న ధీమాతో వదిలేసే కుటుంబాలు ఉంటాయి. వదిలేయకండి.

మరొక పని కూడా అప్పుడే చేసి పెట్టుకోవాలి. అర్ధరాత్రి అవసరం పడితే ఎక్కడికి వెళ్లాలో ముందే అడిగి తెలుసుకోండి. అన్ని ఆసుపత్రుల్లోనూ పసిపిల్లల ప్రత్యేక విభాగం ఉండదు. మీ జిల్లా ఆసుపత్రిలో ఉందా, లేక వరంగల్‌లోని ఎం.జి.ఎం. ఆసుపత్రికి రావలసి ఉంటుందా అన్నది ఆశ కార్యకర్తకు గాని, ఏఎన్‌ఎంకు గాని తెలిసి ఉంటుంది. ఏటూరునాగారం వంటి చోటి నుంచి వరంగల్ దాదాపు వంద కిలోమీటర్లు. ఈ విచారణ ఆపద వచ్చిన తర్వాత మొదలుపెడితే ఒక గంట వృథా అవుతుంది.

పాలు పట్టడం

పుట్టిన గంటలోపు బిడ్డను రొమ్ముకు పట్టాలి. ఆపరేషన్ అయిన తల్లి కూడా తేరుకోగానే, మరొకరి సాయంతో పడుకునే పట్టవచ్చు. చిక్కగా, పసుపు రంగులో కొద్దికొద్దిగా వచ్చే ముర్రుపాలను పిండి పారబోయడం ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉంది. రోగాలను ఎదుర్కొనే శక్తి బిడ్డకు మొదట అందేది ఆ పాలలోనే. మొదటి రోజు బిడ్డ పొట్ట చాలా చిన్నది. ఆ కొద్ది చుక్కలే సరిపోతాయి.

ఆరు నెలలు నిండే వరకు తల్లిపాలు తప్ప మరేదీ, చివరికి మే నెల ఎండల్లో మంచినీళ్లు కూడా అవసరం లేదు. తేనె నాకించడం, ఆముదం పట్టడం, వసకొమ్ము అరగదీసి పోయడం, గ్రైప్ వాటర్ తాగించడం మానండి. తేనెలో ఉండే ఒక రకం క్రిమిబీజాలు ఏడాదిలోపు పిల్లల పేగుల్లో మొలకెత్తి కండరాలను చచ్చుబరిచే విషాన్ని తయారుచేయగలవు. ఆముదం విరేచనాలు చేయించి ఒంట్లోని నీటిని లాగేస్తుంది. మాటలు బాగా రావాలని వస పోస్తారు, కానీ ఆ గంధంతో పాటు అరగదీసిన రాతి మీది మురికి కూడా బిడ్డ పొట్టలోకి వెళుతుంది.

బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు, రాత్రి వేళ కూడా, పాలు తాగాలి. మొదటి వారాల్లో మూడు గంటలు దాటి నిద్రపోతుంటే అరికాలు నిమిరి, బట్ట వదులు చేసి లేపి పట్టండి. పట్టే పద్ధతి ఇలా ఉండాలి: బిడ్డ ఒళ్లంతా తల్లి వైపు తిరిగి ఉండాలి, నోరు బాగా తెరిచాకే దగ్గరకు తీసుకోవాలి, చనుమొన ఒక్కటే కాక దాని చుట్టూ ఉన్న నల్లని భాగం చాలావరకు నోట్లోకి పోవాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి మడిచి ఉండాలి. మొన పగిలి తల్లి నొప్పికి పళ్లు బిగబట్టుకుంటున్నదంటే పట్టు సరిగా లేదని అర్థం. చిటికెనవేలు బిడ్డ నోటి మూలన పెట్టి విడిపించి మళ్లీ పట్టించాలి.

“నాకు పాలు సాలుతలేవు” అన్నది బాలింతల నోట తరచుగా వినిపించే మాట. బిడ్డ ఏడుపును బట్టి దీన్ని తేల్చకూడదు. మూత్రాన్ని, బరువును బట్టి తేల్చాలి. ఐదవ రోజు నుంచి రోజుకు ఆరు సార్లయినా లేత రంగు మూత్రం పోస్తుంటే పాలు సరిపోతున్నట్లే. డైపరు వేస్తే ఈ లెక్క తెలియదు కనుక మొదటి వారం పొత్తిగుడ్డలే మేలు. ప్రతి బిడ్డా మొదటి రోజుల్లో కొంత బరువు తగ్గుతుంది: 3,000 గ్రాములతో పుట్టిన బిడ్డ 2,700 దాకా తగ్గవచ్చు, అంతకు మించి తగ్గితే డాక్టరుకు చూపించాలి. రెండు వారాల్లోపు పుట్టినప్పటి బరువుకు తిరిగి వచ్చి, ఆ తర్వాత రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. ఈ లెక్కలు బాగుంటే డబ్బా పాలు మొదలుపెట్టవద్దు. ఒక సీసా పాలు పడితే ఆ మేరకు రొమ్ము పట్టడం తగ్గుతుంది, పట్టడం తగ్గితే పాలు నిజంగానే తగ్గుతాయి. సూటిగా పట్టడం వీలు కానప్పుడు తల్లిపాలనే శుభ్రమైన గిన్నెలోకి పిండి, ఉగ్గుగిన్నెతో గాని చెంచాతో గాని పట్టండి. పిండిన పాలు గది వేడిలో నాలుగు గంటలకు మించి ఉంచకండి, ఎండాకాలంలో ఇంకా ముందే వాడేయండి.

తల్లి పథ్యం గురించి ఇక్కడే చెప్పుకోవాలి. బాలింతకు చల్లదనం చేస్తుందని నీళ్లు తక్కువగా ఇవ్వడం, కూరలు లేకుండా కారపు మెతుకులే పెట్టడం వల్ల ఆమె నీరసిస్తుంది, రక్తహీనత ముదురుతుంది. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ తిండి కావాలి. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, పండ్లు అన్నీ పెట్టవచ్చు. దాహమైనప్పుడల్లా నీళ్లు తాగనివ్వాలి. ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో బాలింతకు ఆరు నెలల వరకు ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. ఐరన్, కాల్షియం మాత్రలను కూడా ప్రసవం తర్వాత ఆరు నెలలు కొనసాగించాలి.

వెచ్చదనం, నీళ్లు పోయడం

పుట్టిన బిడ్డకు తన ఒంటి వేడిని నిలుపుకునే శక్తి తక్కువ. చంకలో డిజిటల్ థర్మామీటరు పెట్టి చూస్తే 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య, ఫారెన్‌హీట్ లెక్కలో 97.7 నుంచి 99.5 మధ్య ఉండాలి. థర్మామీటరు లేనప్పుడు అరచేతి వెనుక వైపుతో బిడ్డ పొట్టనూ పాదాలనూ తాకి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే మంచిది. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లబడితే చలి మొదలైందన్నమాట. రెండూ చల్లగా ఉంటే అది ప్రమాదం. చలి పట్టిన బిడ్డను తల్లి రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేలా నిటారుగా పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పి, తలకు కుల్లాయి పెట్టి పాలు పట్టండి. గంటలో వేడి పుంజుకోకపోతే ఆసుపత్రికి వెళ్లాలి.

మన ఎండాకాలంలో కథ తిరగబడుతుంది. 42, 43 డిగ్రీల ఎండలో రేకుల ఇంట్లో ఉన్న బిడ్డకు స్వెట్టరు, సాక్సులు, మూడు దుప్పట్లు చుట్టడం వల్ల జ్వరం వచ్చినట్లు ఒళ్లు కాలిపోతుంది. ఆ కాలంలో ఒక పలుచటి నూలు జుబ్బా చాలు. ఫ్యాను వేసుకోవచ్చు, కూలరు గాలి మాత్రం నేరుగా బిడ్డ మీదికి రాకుండా చూడాలి.

మొదటి స్నానానికి తొందర అక్కరలేదు. పుట్టిన తర్వాత కనీసం 24 గంటలు ఆగాలి. బొడ్డు ఊడే వరకు గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన మెత్తని బట్టతో ఒళ్లు తుడిస్తే సరిపోతుంది. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు డాక్టరు చెప్పేదాకా స్నానం వద్దు.

మన దగ్గర బిడ్డకు నీళ్లు పోయడం ఒక పెద్ద కార్యక్రమం. అనుభవం ఉన్న ఒక పెద్దామె పీట మీద కూర్చొని కాళ్లు బారచాపి, బిడ్డను కాళ్ల మీద బోర్లా వేసుకొని నూనె పట్టించి, నలుగు పెట్టి, కాగిన నీళ్లు చెంబుతో ధారగా పోస్తుంది. ఆ చేతుల్లోని నేర్పు, బిడ్డ మీది మమకారం కాదనలేనివి. కానీ ఆ అరగంటలో జరిగే కొన్ని పనులు మాత్రం నిజంగా ప్రమాదకరమైనవి, వాటిని ఒక్కొక్కటిగా ఆపవలసి ఉంది. ముక్కులో నూనె చుక్కలు వేస్తే ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా రావచ్చు; చెవుల్లో కూడా వేయకూడదు. కళ్లె తీస్తామని గొంతులో వేలు పెట్టడం, ముక్కులోకి నోటితో ఊదడం వల్ల లోపల గాయమై క్రిములు చేరతాయి. ఆడైనా మగైనా పుట్టిన బిడ్డ రొమ్ములు తల్లి హార్మోన్ల ప్రభావంతో కొద్దిగా ఉబ్బి ఉంటాయి. వాటిని పిండితే చీము గడ్డలవుతాయి. తల గుండ్రంగా రావాలని, ముక్కు నిలబడాలని నొక్కడం వల్ల ప్రయోజనం ఏమీ లేదు. స్నానం తర్వాత వేసే సాంబ్రాణి పొగ ఆ లేత ఊపిరితిత్తులను రేపుతుంది.

పెద్దామెను నొప్పించకుండా ముందే చెప్పి పెట్టుకోండి. “అవ్వా, ముక్కుల, చెవుల నూనె పోయొద్దని డాక్టరమ్మ గట్టిగ చెప్పింది, ఒంటికి రాస్తె సాలు” అని బిడ్డ తల్లి కాకుండా ఇంట్లో మరొకరు అంటే మాట చెల్లుతుంది. నీటి వేడిని మీ మోచేతితో చూడండి. మోచేతికి గోరువెచ్చగా తగలాలి. తలుపులు వేసి, ఫ్యాను ఆపి, ఐదు నిమిషాల్లో ముగించి, ముందు తల తుడవాలి. ఒంటికి కొబ్బరినూనె మెల్లగా రాయవచ్చు. ఆవనూనె లేత చర్మాన్ని మంట పెడుతుంది. పౌడరు వద్దు, ఆ దుమ్ము శ్వాసలోకి పోతుంది.

బొడ్డు, కళ్లు, పడక

బొడ్డుకు ఏమీ రాయకపోవడమే దానికి మందు. పసుపు, బూడిద, కొబ్బరినూనె, పౌడరు ఏదీ వద్దు. గాలి తగిలేలా లంగోటీని బొడ్డు కిందికి మడిచి కడితే 5 నుంచి 15 రోజుల మధ్య దానంతట అదే ఎండి ఊడిపోతుంది. భారతదేశంలో తల్లులకు, పసిబిడ్డలకు వచ్చే ధనుర్వాతం నిర్మూలన స్థాయికి తగ్గిందని 2015లో ప్రకటించారు. గర్భిణులకు టీకాలు, ఆసుపత్రి ప్రసవాలు, శుభ్రమైన బ్లేడుతో కోసి ఏమీ పూయకుండా వదిలేసే బొడ్డు దాన్ని సాధించాయి. బొడ్డు చుట్టూ చర్మం ఎర్రబడినా, చీము, దుర్వాసన వచ్చినా అదే రోజు చూపించాలి.

కాటుకలో సీసం ఉండే అవకాశం ఉంది, పైగా దాన్ని పెట్టే వేలితో క్రిములు కంటిలోకి చేరతాయి. దిష్టి చుక్క పెట్టాలనుకుంటే అరికాలికి పెట్టుకోండి. కన్ను నీరు కారుతూ ఉండడం చాలామంది పిల్లల్లో కన్నీటి నాళం ఇంకా తెరుచుకోకపోవడం వల్ల జరుగుతుంది. రెప్పలు వాచి చీము కారితే మాత్రం అది ఇన్‌ఫెక్షన్.

బిడ్డను గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. దిండు వద్దు, ఆవాల దిండు కూడా వద్దు. చీరతో కట్టిన తొట్టెలలో గడ్డం ఛాతీకి ఆనుకొని శ్వాసకు అడ్డం రావచ్చు కనుక మొదటి నెలలో ఎవరూ చూడకుండా అందులో వదలకండి. చూడడానికి వచ్చేవారు సబ్బుతో చేతులు కడుక్కున్నాకే ఎత్తుకోవాలి, సర్ది దగ్గు ఉన్నవారు దూరంగా ఉండాలి. ఇరవై ఒకటో రోజు ఫంక్షన్‌లో బిడ్డ చేతులు మారడాన్ని కూడా తగ్గించండి. మేడారం జాతర ఆ నెలలోనే పడితే మొక్కు వచ్చే జాతరకు చెల్లించుకోవచ్చు. అంత జనంలోకి, అంత దుమ్ములోకి నెల బిడ్డను తీసుకువెళ్లవద్దు.

భయపడవలసిన అవసరం లేనివి

తుమ్ములు, ఎక్కిళ్లు, పాలు తాగాక కొద్దిగా కక్కడం, చర్మం పొరలుగా ఊడడం, ముక్కు మీద తెల్లని చుక్కలు, రెండో మూడో రోజున ఒంటి మీద వచ్చి పోయే ఎర్రని దద్దుర్లు, నడుము మీద నీలి మచ్చలు ఇవన్నీ సహజం. ఆడబిడ్డకు మొదటి వారంలో తెల్లని జిగురు, ఒక్కోసారి కొద్దిగా రక్తం కనిపించవచ్చు; అది కూడా తల్లి హార్మోన్లు తగ్గడం వల్లనే. తల్లిపాలు తాగే బిడ్డ తాగిన ప్రతిసారీ పలుచగా, పసుపు రంగులో విరేచనం చేస్తే అది రోగం కాదు. మూత్రం పోసే ముందు ఏడవడం కూడా సాధారణమే.

సాయంత్రం వేళ గంటల తరబడి ఏడ్చే అలవాటు చాలామంది పిల్లలకు రెండు మూడు వారాల వయసులో మొదలై ఆరో వారానికి బాగా పెరిగి తర్వాత తగ్గుతుంది. భుజాన వేసుకొని నడవండి, వీపు నిమరండి. ఎంత విసుగు వచ్చినా బిడ్డను పట్టుకొని కుదపకండి, మెదడులో రక్తస్రావం అవుతుంది. ఉన్నట్టుండి ఊరుకోని ఏడుపు మొదలైతే బట్టలన్నీ విప్పి కాలివేళ్లు చూడండి: తల్లి తలవెంట్రుక ఒకటి వేలికి చుట్టుకొని బిగిసి వేలు వాచిపోవడం అరుదుగా జరుగుతుంది, చూడకపోతే తెలియదు.

కామెర్లు

నెలలు నిండి పుట్టిన పిల్లల్లో సగానికి పైగా రెండో మూడో రోజున పసుపు రంగుకు తిరుగుతారు. పుట్టాక ఎర్ర రక్తకణాలు వేగంగా విరగడం, వాటి నుంచి వచ్చే బిలిరుబిన్ అనే పసుపు పదార్థాన్ని బయటికి పంపే శక్తి కాలేయానికి ఇంకా రాకపోవడం దీనికి కారణం. నాలుగైదు రోజులకు పెరిగి, రెండు వారాల్లోపు తగ్గిపోతే చింత లేదు. అయితే అదే పదార్థం హద్దు మీరితే మెదడుకు ఎక్కి వినికిడినీ కదలికలనూ శాశ్వతంగా దెబ్బతీస్తుంది.

రోజూ ఉదయం, కిటికీ దగ్గర పగటి వెలుతురులో బిడ్డను పడుకోబెట్టి నుదుటి మీద వేలితో ఒక్క క్షణం నొక్కి వదలండి. రక్తం పక్కకు జరిగిన ఆ చోట చర్మం అసలు రంగు కనిపిస్తుంది. అలాగే ఛాతీ, పొట్ట, తొడ, చివరికి అరికాలు చూడండి. పసుపు ముఖంతో మొదలై కిందికి దిగుతుంది. ఎంత కిందికి దిగితే అంత ఎక్కువ ఉన్నట్లు. ఒంటి రంగు చామనఛాయగా ఉన్న పిల్లల్లో కంటి తెల్లగుడ్డును, చిగుళ్లను కూడా చూడాలి. ట్యూబులైటు కింద ఈ తేడా తెలియదు.

పుట్టిన 24 గంటల్లోపే పసుపు కనిపించినా, అరచేతులు, అరికాళ్లు పసుపుబారినా, బిడ్డ మందగించి పాలు మానినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి రక్తపరీక్ష చేయించాలి. అవసరమైతే నీలి కాంతి దీపాల కింద ఉంచుతారు. ఎండలో పడుకోబెట్టడం దానికి సాటి రాదు, ఆ భరోసాతో రెండు రోజులు గడపడం వల్లే కొందరు పిల్లలు ఆలస్యంగా వస్తారు. పసరు పోయించడం, మంత్రం వేయించడం, వాతలు పెట్టించడం ఏ స్థితిలోనూ వద్దు. రెండు వారాలు దాటినా పసుపు తగ్గకుండా, విరేచనం సున్నంలా తెల్లగా పాలిపోతే అది పైత్యనాళం మూసుకుపోయిన జబ్బు కావచ్చు. దానికి ఆపరేషన్ రెండు నెలల వయసులోపు జరిగితేనే మంచి ఫలితం ఉంటుంది.

ఒక చిన్న సంగతి, కానీ అవసరమైనది. పెద్దబిడ్డ పొత్తిగుడ్డలను పెట్టెలో కలరా ఉండలు వేసి దాచి, తమ్ముడికో చెల్లికో అలాగే తీసి వేస్తుంటారు. ఒక రకం ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లల్లో ఆ ఉండల వాసనే రక్తకణాలను విరిచి కామెర్లను ప్రమాదస్థాయికి తీసుకుపోతుంది. బిడ్డ బట్టల్లో కలరా ఉండలు వేయకండి. ఉంటే ఆ బట్టలు వాడకండి.

శ్వాసను లెక్కపెట్టడం

ఇది ప్రతి తల్లీ నేర్చుకోవలసిన పని, నేర్చుకోవడానికి చదువు అక్కరలేదు. బిడ్డ నిద్రలోనో, ఏడవకుండా ప్రశాంతంగానో ఉన్నప్పుడు జుబ్బా పైకి తీసి పొట్టను చూడండి. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒక శ్వాస. సెల్‌ఫోన్‌లో గడియారం పెట్టుకొని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పసిపిల్లల శ్వాస వేగంగా సాగి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ సాగుతుంది కనుక పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే తప్పు వస్తుంది. 60 కంటే తక్కువ ఉంటే సరి. 60 గాని అంతకు మించి గాని వస్తే కాసేపాగి రెండోసారి లెక్కపెట్టండి. అప్పుడూ అంతే ఉంటే ఆసుపత్రికి బయలుదేరాలి. ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి గుంజుకుపోతున్నా, ముక్కుపుటాలు ఎగురుతున్నా, మూలుగు వినిపిస్తున్నా, పెదాలు, నాలుక నీలమైనా రెండో లెక్కకు కూడా ఆగవద్దు.

వెంటనే బయలుదేరవలసిన సందర్భాలు

నవజాత శిశువుకు జబ్బు చేస్తే పెద్దపిల్లల్లా జ్వరంతో, దగ్గుతో చెప్పుకోదు. నిన్నటి దాకా ఆత్రంగా తాగిన బిడ్డ ఈరోజు రొమ్ము పట్టి వదిలేస్తుంది, లేపినా కళ్లు తెరవదు, కాళ్లూచేతులూ వేలాడేస్తుంది. అన్నింటికన్నా ముందు కనిపించే గుర్తు చాలాసార్లు ఇదే. “పొద్దటి నుంచి పాలు తాగుతలేదు” అన్న ఒక్క మాట చాలు, పొద్దుగూకే దాకా చూడడానికి వీలు లేదు.

చంకలో వేడి 37.5 దాటితే బట్టలు తగ్గించి, పాలు పట్టి, అరగంట తర్వాత మళ్లీ చూడండి. అప్పటికీ దిగకపోతే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారెన్‌హీట్ ఉన్నా, 35.5కు తగ్గినా అరగంట కూడా ఆగకూడదు. జ్వరం మందు చుక్కలు ఇంట్లో ఉన్నాయని వేయకండి. ఆ వయసులో జ్వరం రక్తంలోని ఇన్‌ఫెక్షన్‌కు గుర్తు కావచ్చు, చుక్కలు దాన్ని దాచిపెడతాయి. ఫిట్స్, అంటే చేయి గాని కాలు గాని లయగా కొట్టుకోవడం, కళ్లు ఒక పక్కకు నిలిచిపోవడం; పచ్చని వాంతి, పొట్ట ఉబ్బడం; విరేచనంలో రక్తం; మాడు ఉబ్బి ఉండడం; ఒంటి నిండా చీము పొక్కులు; ఎనిమిది పది గంటలుగా మూత్రం లేకపోవడం వంటివన్నీ అదే వరుసలోనివి. వీటిలో పచ్చని వాంతిని ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. పేగు మెలిపడినప్పుడు అది మొదటి హెచ్చరిక, ఆపరేషన్‌కు గంటలే గడువు.

108కు ఫోన్ చేయండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏడాదిలోపు పిల్లల చికిత్స, మందులు, పరీక్షలు, రవాణా జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ఉచితం. దారిలో బిడ్డను తల్లి ఒంటికి ఆనించి పట్టుకోవాలి, అది ఏ దుప్పటికన్నా మంచి వెచ్చదనం. తాగగలిగితే పాలు పడుతూ ఉండండి; శ్వాస కష్టంగా ఉన్నా, ఫిట్స్ వస్తున్నా నోట్లో ఏమీ పోయవద్దు. డిశ్చార్జి కాగితం, రక్షణ కార్డు తీసుకోండి. చివరగా ఎప్పుడు పాలు తాగింది, ఎప్పుడు మూత్రం పోసింది, మొదటి తేడా ఏ వేళకు కనిపించింది అన్న మూడు సంగతులు డ్యూటీ డాక్టరుకు చెప్పగలిగితే సగం సమయం కలిసి వస్తుంది.

తక్కువ బరువు బిడ్డలు

2,500 గ్రాముల కంటే తక్కువ ఉంటే తక్కువ బరువు బిడ్డ. 1,800 కంటే తక్కువ ఉంటే ఆసుపత్రిలోనే చూడాలి. ఇంటికి వచ్చాక వీరికి అన్నింటికన్నా మేలు చేసేది తల్లి ఒంటి వెచ్చదనమే: లంగోటీ, కుల్లాయి, సాక్సులు మాత్రమే ఉంచి, రొమ్ముల మధ్య కప్పపిల్లలా నిటారుగా ఆనించి, తల ఒక పక్కకు తిప్పి, చీరతో గాని తువ్వాలుతో గాని బిడ్డను ఒంటికి కట్టుకోవాలి. రోజులో ఎంత ఎక్కువ సేపు ఉంచితే అంత మంచిది, కనీసం ఎనిమిది గంటలు. తల్లి అలసినప్పుడు తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ ఎవరైనా కట్టుకోవచ్చు. 34 వారాల్లోపు గాని, 2,000 గ్రాములలోపు గాని పుట్టిన బిడ్డకు నెల నిండేలోపు కంటి డాక్టరుతో కంటి లోపలి పొరను పరీక్ష చేయించాలి. బయటికి కన్ను చక్కగా కనిపిస్తూనే లోపల చూపు పోయే జబ్బు అది. సమయానికి పట్టుకుంటే చికిత్స ఉంది. నెలలు నిండని పిల్లలకు వినికిడి పరీక్ష కూడా మరిచిపోకూడదు.

ఆశ కార్యకర్త రాక, ఆరో వారం

2011 నుంచి అమలులో ఉన్న గృహ ఆధారిత నవజాత శిశు సంరక్షణ ప్రకారం ఆశ కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. ఇంట్లో ప్రసవమైతే మొదటి రోజు కూడా రావాలి. ఆమె తూకం వేసి, వేడి చూసి, శ్వాస లెక్కపెడుతుంది. తల్లిగారింటికి వెళ్లిన బాలింత ఈ లెక్కలో జారిపోకుండా, ఆ ఊరి ఆశ కార్యకర్తకు మీరే ఫోన్ చేసి చెప్పండి. ప్రతి తూకాన్నీ కార్డులో రాయించుకోండి. డాక్టరు సలహాతో విటమిన్ డి చుక్కలు రోజుకు 400 యూనిట్లు మొదలుపెట్టవచ్చు.

బీసీజీ వేసిన ఎడమ భుజం మీద నాలుగు నుంచి ఆరు వారాలకు చిన్న గడ్డ లేచి, పగిలి, మచ్చగా మానుతుంది. దానికి ఏ మందూ రాయకండి, వేడి కాపడం పెట్టకండి. ఆరో వారం నిండగానే పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా), పోలియో చుక్కలు, పోలియో సూది, రోటావైరస్, నిమోకోకల్ టీకాలు ఒకే రోజు పడతాయి. సర్ది కొద్దిగా ఉన్నా టీకా వాయిదా వేయవలసిన పని లేదు. అదే రోజు తల్లి రక్తపోటు, రక్తహీనత పరీక్షలు కూడా ఏఎన్‌ఎం దగ్గర చేయించుకొని, మరో కాన్పుకు ఎడం ఎలా పాటించాలో అడిగి రండి.